అక్క పెళ్ళికి నేను చేసిన రక్తపరీక్ష

మా తమ్ముడి మనవరాలు కోలారులో నర్సింగు చదువుతోంది. పోయిన నెల ఒక ప్రశ్నల కట్ట పట్టుకొని వచ్చి, పెళ్ళికి ముందు ఆరోగ్య పరీక్షల గురించి తోటి విద్యార్థినులకు ఏం తెలుసో, వాళ్ళ మనసులో ఏముందో కనుక్కోమని కాలేజీలో చెప్పారని, తను రాసిన నివేదికలోని తెలుగు సరిచేయమని నా ముందు కూర్చుంది. "పరీక్షలు చేయించాల్నా అంటే అందురూ అవునని టిక్కు పెట్టినారవ్వా. నీ పెండ్లికి అడుగుతావామ్మే అంటే మాత్రం, మా నాయన చెప్పు తీసుకుంటాడని నగినారు" అని తనూ నవ్వింది. ఆసుపత్రుల్లోనే జీవితమంతా గడిపి రిటైరైన నర్సును నేను. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మాది చిత్తూరు పల్లెల నుంచి కోలారు బంగారు గనులకు వచ్చిన కుటుంబం. గనులు ప్రభుత్వపరమైన తర్వాతి రోజుల్లో, చాంపియన్ రీఫ్స్ గని దగ్గర కార్మికులకు వరసగా కట్టిన లైను ఇంట్లో పెరిగాను. మనిషిని షాఫ్టు అనే నిలువు గనిబావిలోకి దించే ముందు ఛాతీకి ఎక్స్‌రే తీసి, కళ్ళు చూసి, ఊపిరి చూసి, అప్పుడు పనిలోకి తీసుకొనేవారు. అదే మనిషికి పిల్లనిచ్చేటప్పుడు పంచాంగం ఒక్కటే తిరగేసేవారు. రాయి తవ్వడానికి పనికొస్తాడా లేదా అన్నది డాక్టరు తేల్చాలి గాని, బిడ్డల్ని కనడానికి నక్షత్రం చాలునా అని నేను స్కూలు చర్చల్లో బల్ల గుద్ది అడిగి బహుమతులు తెచ్చుకునేదాన్ని. మా నాయన పూజ మానలేదు గాని, ఆ బహుమతులను ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించేవాడు. నన్ను నర్సింగుకు పంపింది ఆ మురిపెమే.

కోలారులో చదువు రెండో ఏట రక్తం గ్రూపు కనుక్కోవడం నేర్పారు. వేలికొనను సూదితో పొడిచి, గాజు పలక మీద రెండు చుక్కలు పెట్టి, ఒకదానిలో నీలం మందు, రెండోదానిలో పసుపు మందు కలిపితే, గ్రూపునుబట్టి రక్తం విరిగిన పాలలా గింజలు కట్టేది. రక్తం ఎక్కించేటప్పుడు పొరపాటు జరగకుండా ఉండటానికే ఇదని టీచరమ్మ స్పష్టంగానే చెప్పింది. మాకది చాలలేదు. మాలో సగం మందికి మేనమామో మేనబావో ఇంట్లో కాచుకొని ఉన్నాడు. దగ్గరి సంబంధాల్లో పుట్టే పిల్లలకు కొన్ని జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువని పుస్తకంలో చదివి భయపడ్డాం, ఆ భయానికి మందు కూడా మేమే కనిపెట్టుకున్నాం: గ్రూపు వేరైతే రక్తం వేరు, రక్తం వేరైతే సంబంధం దూరమైనట్టే. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, హాస్టలంతా నమ్మింది. "మా మామది బీ అంటమ్మే, నాది ఓ. ఇంగేముండాది, పెండ్లి చీరలు తీసేదే" అని ఒకతె గంతులేస్తే, గ్రూపు కలిసిన పిల్ల అన్నం మానేసి పడుకొనేది. మేము కొత్త పంచాంగం రాసుకున్నామని ఒక్కరికీ తట్టలేదు. పాత పంచాంగం మీద నిప్పులు చెరిగిన నాకు అసలే తట్టలేదు.

ఆ ఏడే మా అక్కను అమ్మ కడగొట్టు తమ్ముడికి, అంటే మా చిన్నమామకు, ఇవ్వాలని అనుకున్నారు. అక్క కూతురి మీద తమ్ముడికి హక్కు ఉంటుందనేది మా వాళ్ళ ఆనవాయితీ. మామ గనిలో పనిచేసేవాడు, తాగుడెరగడు, మంచివాడు. ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకొని నన్ను చూడటానికి వచ్చింది. అక్కే అడిగింది: "పాపా, నువ్వు చదివినావు గదా. ఇది చేసుకోవచ్చునా, కూడదా? నువ్వేం చెప్తే అది నాయన ఇంటాడు." మామ నవ్వుతూ వేలు చాపి, "సూదికి భయపడేవాడు షాఫ్టు యాడ దిగతాడు, పొడువమ్మా" అన్నాడు. ప్రాక్టికల్సులో మిగిలిన మందు చుక్కలతో పరీక్ష చేశాను. అక్కది ఏ, మామది బీ. "రక్తాలు వేరే వేరే ఉండాయి. ఏమీ కాదు, చేసుకోండి" అన్నాను. జాతకాలు చూసే అయ్యవారు కూడా అంత ధీమాగా చెప్పి ఉండడు. మా పాప పరీక్ష చేసి ఒప్పుకున్నాదని నాయన లైన్లంతా చెప్పుకున్నాడు. నెల తిరక్కుండా పెళ్ళయింది.

షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌ను మేము సంగు అనేవాళ్ళం. అది మోగితే లైన్లలోని పసిపిల్లలందరూ ఉలిక్కిపడి ఏడ్చేవారు. అక్కకు పుట్టిన కూతురు మాత్రం కదిలేది కాదు. ఎంత నెమ్మదైన బిడ్డ అని అందరూ ముద్దాడారు. ఏడాది నిండకముందే అక్కకు అనుమానం వచ్చి పెద్ద డాక్టరుకు చూపిస్తే, పుట్టుచెవుడు అన్నాడాయన. నేను చేసిన పరీక్ష సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఇలాంటి చెవుడు పరాయి సంబంధంలోనూ రావచ్చుననీ, దగ్గరి సంబంధంలో అవకాశం ఎక్కువనీ, ఈ బిడ్డకు ఎందుకొచ్చిందో తాను ఖాయంగా చెప్పలేననీ, గ్రూపు చూసి మాత్రం ఈ విషయం ఎవరూ చెప్పలేరనీ అన్నాడు. అంత చదివిన మనిషి 'చెప్పలేను' అంటుంటే నేను తలెత్తలేకపోయాను.

ఆ బిడ్డ పెరిగి పెద్దదై కోలారు దగ్గరి వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది. దానికి క్యాసంబళ్ళి అనే ఊరి నుంచి మళ్ళీ మేనరికమే వస్తే, అక్క తన బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకొని సైగలతో ఇష్టమేనా అని అడిగింది. అది తల అడ్డంగా ఊపగానే వచ్చినవాళ్ళను పంపేసింది. ఆ రోజు నేను, ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకున్న మాట కక్కేశాను, నా తప్పుడు పరీక్ష వల్లనే నీ బతుకు ఇట్లయిందని. అక్క ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు సరేనంటావని వచ్చినానా నేను? వద్దంటావని వచ్చినానమ్మే. నన్ను ఎత్తుకొని పెంచినోడు, నాకు మామే గాని మొగుడెట్లయితాడు? నాయన ముందర నోరు లేక, నీ నోటితో చెప్పిద్దామనుకొంటి. నువ్వేమో సూది తెచ్చినావు" అని, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

గనులు మూతబడి చాలా కాలమైంది. పెళ్ళికి ముందు ఏ పరీక్ష కావాలన్నా ఇప్పుడు కోలారులోనే చేస్తారు. చేయించుకొని తీరాలని నేను ఈ వయసులోనూ గొంతు చించుకొని వాదిస్తాను. మాకు తెలియనివి ఎన్నో ఈ కాలపు పిల్లలకు తెలుసు, అందుకు సంతోషమే. కానీ పరీక్ష అడగడానికి వచ్చిన ఆడపిల్ల ఇంకేం అడగడానికి వచ్చిందో కనుక్కోవడం ఇప్పుడైనా ఎవరైనా నేర్పుతున్నారో లేదో తెలియదు. ఆ శనివారం నేను అక్క చేతిని చాలాసేపే పట్టుకొని కూర్చున్నాను. ఆమె ముఖం ఎట్లా ఉందో మాత్రం, ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు.