డెల్మర్ బావ లాభసాటి బండి

మా బావ డెల్మర్‌కి ఒకటే జబ్బు. ఎంత నష్టం వచ్చినా దాన్ని లాభమని రుజువు చేసేదాకా ఊరుకోడు. మిగతా అన్ని విషయాల్లోనూ మంచివాడే.

ఓసారి మా ఊరు శాన్ ఏంజెలోలో వడగళ్లు పడి, వాళ్ల ఇంటి పైకప్పు జల్లెడైపోయింది. పరామర్శకి వెళ్లాను. హాలంతా బకెట్లు పెట్టుకుని, వాటి మధ్యలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఎంత పోయింది బావా?" అన్నాను.

"పోవడమేంటి? హాల్లో వెలుతురు లేదని మీ చెల్లెలు పెళ్లయిన దగ్గర్నుంచీ గోల. ఇప్పుడు చూడు, చిల్లిగవ్వ ఖర్చు లేకుండా వెలుతురే వెలుతురు. లెక్క చూస్తే లాభమే!"

ఆ మాట మా ఊళ్లో పిల్లలక్కూడా కంఠతా వచ్చు. రోడియోలో ఎవడైనా ఎద్దు మీంచి కిందపడితే, జనమంతా "లెక్క చూస్తే లాభమే!" అని అరుస్తారు. బావ కూడా వాళ్లతో కలిసి అరుస్తాడు, తన మీదే జోకని తెలియక.

అలాంటి మనిషి పికప్ ట్రక్కు కొన్నాడు. మామూలు ట్రక్కు కాదు. రెండు వరసల సీట్లు, వెనక మంచం పట్టేంత తొట్టి, నా ఛాతీ ఎత్తు చక్రాలు. డీజిల్ తాగడం మొదలుపెడితే గుక్క తిప్పుకోదు.

"ఉన్నది ఇద్దరం. ఆవుల్లేవు, గడ్డి లేదు. ఈ ఏనుగెందుకు మనకి?" అంది మా చెల్లెలు ఆర్లీన్.

"నా డ్యూటీ సాయంత్రం కదా. పొద్దున పూట ఖాళీయే. ఫోన్లో బండి పిలుస్తారు చూడు, వాళ్లని ఎక్కించుకుని తిప్పుతా. దాని ఖర్చు అదే సంపాదించుకుంటుంది."

"చిన్న కార్లు తిప్పేవాళ్లకే ఏమీ మిగలట్లేదట!"

"చిన్న కారుకి చిన్న లాభం. పెద్ద బండికి..."

"పెద్ద నష్టం" అని నేను పూర్తి చేశాను. నాకు టైర్ల కొట్టుంది. ఆ చక్రాలకి కొత్త టైర్లు వేయించాలంటే ఎంతవుతుందో ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఆ ధర చెప్పాలంటే నాకే కొంచెం సిగ్గేస్తుంది.

మొదటి బేరం విమానాశ్రయం దగ్గర, ఎత్తు మడమల చెప్పులేసుకున్న ఓ పెద్దింటావిడ. ట్రక్కుని కిందనుంచి పైదాకా చూసి, "నేను పిలిచింది కారుని. గడ్డి మోపుల బండిని కాదు" అందట. బావ టోపీ తీసి, తొట్టిలోంచి పాలు పితికే పీట తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర వేసి, చెయ్యందించాడు. ఆ తర్వాత పీట శాశ్వతమైపోయింది. ఎవరెక్కినా దిగాలి, పీట వేయాలి, చెయ్యందించాలి, మళ్లీ పీట లోపల పెట్టాలి. ఈలోగా వేరేవాళ్లు రెండు బేరాలు చూసుకుంటారు.

ఇంకోసారి కాలేజీ కుర్రాడు పిలిచాడు. "ఎంతమంది బాబూ?" అంటే "ఒక్కణ్ణే అంకుల్" అన్నాడు. వాడి వెనక సోఫా ఉంది.

"మరి అదో?"

"అదీ నాతోనే వస్తుంది అంకుల్. మీది పికప్ అని చూసే పిలిచా."

అప్పట్నుంచి ఊళ్లో ఇల్లు మారే ప్రతివాడూ ఒక్క మనిషికి బండి పిలవడం, ఫ్రిజ్జుతో గుమ్మంలో నిలబడటం. బావ నడుం పట్టుకుని నా కొట్టుకొచ్చి కూలబడితే, "ఎలా ఉంది వ్యాపారం?" అని అడిగాను. "జిమ్ముకి కట్టే డబ్బు మిగిలింది గ్రేడీ" అని మూలిగాడు.

ఇక మేకల వేలం దగ్గర ఎక్కినాయన సంగతి సరేసరి. ఎండకి తొట్టిలో ఆయన కొన్న మేక కాళ్లు కాలుతాయని, బావే దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాడు. దిగేసరికి సీటు బెల్టు సగం లేదు.

"ఆ బెల్టు ఎలాగూ బిగుతుగా ఉండేది" అన్నాడు.

ఇవన్నీ ఆర్లీన్ భరించింది. భరించలేనిది పుడ్డింగు. వారానికి రెండుసార్లు బావ ఎవరిదో గాజు గిన్నెలో అరటిపండు పుడ్డింగు తెచ్చేవాడు. మా ఊళ్లో ఒకరి గిన్నె ఇంటికొస్తే అది ఖాళీగా తిరిగి పోకూడదు. పోయిందంటే ఆ ఇల్లాలి పరువు కూడా దాంతోనే పోయినట్టు. కాబట్టి పుడ్డింగు వచ్చినప్పుడల్లా మా చెల్లెలు పీచుపళ్లు కోసి, పిండి కలిపి, కాబ్లర్ అనే తీపి వంటకం చేసి పంపాల్సిందే.

"ఎవరిదీ గిన్నె?"

"ఒక బేరం."

"బేరం డబ్బులివ్వాలి గానీ పుడ్డింగిస్తుందా?"

"డబ్బూ ఇస్తుంది. పుడ్డింగు పైన. లెక్క చూస్తే..."

చేతిలో ఉన్న తుడుపుగుడ్డ బావ మొహాన పడింది. అంతటితో ఆగకుండా మా చెల్లెలు నా కొట్టుకొచ్చింది. "అన్నయ్యా, సోమవారం ఆవుల మందలున్న ఓ రాంచర్ ట్రక్కు చూడ్డానికి వస్తున్నాడు. శనివారం పొద్దున నువ్వు మీ బావతో తిరుగు. గిట్టుతుందని నువ్వంటే ఉంచుకుంటాం, లేదంటే అమ్మేస్తాను. నీ మాటే మాట."

బావ జన్మలో మొదటిసారి ఓడిపోతుంటే దగ్గరుండి చూసే భాగ్యం! శుక్రవారం రాత్రి నాకు ఆనందంతో నిద్ర పట్టలేదు.

శనివారం బండెక్కాక చూస్తే, బావ ఫోన్ ఆన్ చేయనేలేదు. తిన్నగా ఓ చిన్న ఇంటి ముందు ఆపి, పీట వేసి, టోపీ తీసి నిలబడ్డాడు. తలుపు తెరుచుకుని గాజు గిన్నెతో వచ్చింది మిస్ వెర్నెల్.

మిస్ వెర్నెల్ అంటే మా చిన్నప్పటి స్కూలు బస్సు డ్రైవరు. నన్నూ, ఆర్లీన్‌నీ, బావనీ, ఊళ్లో సగం మందినీ మోసింది ఆవిడే. అల్లరి చేసినవాణ్ణి లేపి తన వెనక సీట్లో కూర్చోబెట్టేది. ఆ సీటు బావకి పట్టా రాసిచ్చినట్టే ఉండేది. ఇప్పుడు ఆవిడకి చూపు మసక, తుంటి వంగదు, లైసెన్సు తీసేసుకున్నారు. గొంతు మాత్రం అదే.

"ముందు సీట్లో ఎవడ్రా అది?"

"గ్రేడీనండీ."

"టైర్ల గ్రేడీయా? దిగు. వెనక్కి పో."

పోయాను. యాభై దాటినవాణ్ణని ఆ క్షణంలో గుర్తే రాలేదు. ఆవిడ పీటెక్కి, పక్కవాటుగా సీట్లోకి జరిగి, తృప్తిగా చుట్టూ చూసింది.

"ఎత్తంటే ఇదీ. సరిగ్గా నా బస్సంత. ఆ చిన్న కార్లలో కూర్చుంటే గోతిలోకి దించినట్టుంటుంది. నన్ను గోతిలోకి దించడానికి ఇంకా టైముంది. పోనీ! అద్దం చూసుకో! ఆ మలుపులో ఆపు."

"అక్కడెవరూ లేరండీ" అన్నాను నేను.

"హెర్నాండెజ్ పిల్లలు అక్కడే ఎక్కేవాళ్లు. ఆపరా డెల్మర్."

బావ ఆపాడు. లేని పిల్లలు ఎక్కేదాకా ఆగి మళ్లీ కదిలాడు. అలా పాత బస్సు దారంతా తిరిగి ఓ క్లినిక్ ముందు ఆగాం. కిడ్నీలు చెడినవాళ్లకి రక్తం శుభ్రం చేసే చోటు. చక్రాల కుర్చీ కోసం బావ లోపలికి వెళ్లగానే, మిస్ వెర్నెల్ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"వీడి పరిస్థితి బాలేదురా గ్రేడీ."

"ఏమైందండీ?"

"బేరాల్లేవు. నా గుమ్మంలో కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. 'మిస్ వెర్నెల్, ఈ బండి గిట్టుబాటు కావట్లేదు, మీలాంటివాళ్లు ఎక్కకపోతే మూసుకోవాల్సిందే' అన్నాడు."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. "ఎవరు? మా బావా? గిట్టుబాటు కావట్లేదన్నాడా?"

"మరి! నాకేం తక్కువ? మేనకోడలు తీసుకెళ్తానంది, చర్చి వాళ్లు వ్యాను పంపిస్తామన్నారు. ఊరినంతా మోసినదాన్ని, నేను ఒకరి బండి ఊరికే ఎక్కుతానా? చస్తే ఎక్కను. పాపం వీడి కోసమని మంగళవారం, శనివారం ఎక్కుతున్నా."

"రెండు రోజులేనా రావాల్సింది?"

"గురువారం కూడా రమ్మని ఆ నర్సులు చంపుతున్నారు. నా పెన్షన్ ఎంతని, వీణ్ణి ఎన్ని రోజులని పోషించనూ?"

ఆవిణ్ణి లోపలికి పంపాక బావని పట్టుకున్నాను. అతను నా మొహం చూసి, టోపీ అంచు తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"ముందు అసలు వచ్చేదే కాదు గ్రేడీ. కాళ్లు వాచి ఇంట్లో కూర్చుంది. ఫ్రీ అంటే గడప దిగదు. అందుకని అలా చెప్పా. గురువారం మానితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరంటున్నాడు. ఎంత ఏడ్చినా గురువారానికి ఒప్పుకోవట్లేదు. ఇంకెలా చెప్పాలి? నష్టం వచ్చిందని చెప్పడం నాకు అలవాటు లేదాయె!"

"ఆర్లీన్‌కైనా చెప్పొచ్చుగా?"

"ఒకరికి చెబితే ఊరంతా చెప్పినట్టే. ఈవిడ చెవిన పడిందంటే మంగళ, శనివారాలు కూడా పోతాయి."

ఈ మనిషి మీద నాకింత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

మధ్యాహ్నం మా చెల్లెలు గుమ్మంలోనే అడిగింది. "గిట్టుతుందా?"

"లెక్క చూస్తే లాభమే."

"అయ్యో దేవుడా, నీకూ అంటుకుందా!"

లోపలికి తీసుకెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆర్లీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత, "రెండో తరగతిలో బస్సులో నిద్రపోయి నా స్టాపు దాటిపోయా అన్నయ్యా. నా ఒక్కదాని కోసం అంత బస్సునీ వెనక్కి తిప్పింది" అంది. ఆ రాంచర్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. వెంటనే పీచుపళ్లు కోయడం మొదలుపెట్టింది.

మంగళవారం మళ్లీ నన్నూ లాక్కుపోయారు. ఇక్కడ మా చెల్లెలి గురించి ఒక మాట చెప్పాలి. పొయ్యిలో పిల్లి లేవకపోయినా లిప్‌స్టిక్ వేసుకుని గడపలో నవ్వుతూ నిలబడే రకం. లేదు అన్న మాట ఆమె నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఆ మనిషి, నిండు గిన్నె మిస్ వెర్నెల్ చేతిలో పెట్టి, తల దించుకుంది.

"మీకు దాచేదేముందండీ. ఇల్లు గడవడం చాలా కష్టంగా ఉంది. గురువారం కూడా మీరు ఒక్క బేరం ఇవ్వగలిగితే..."

బావ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ముందే చెప్పవేం పిల్లా!" అంది మిస్ వెర్నెల్, ఆర్లీన్ చెయ్యి పట్టుకుని. "గురువారమే కదా, వస్తాలే. ఒరేయ్ డెల్మర్! పనికిరాని బండి కొని, బంగారం లాంటి పిల్లని ఏడిపిస్తున్నావ్. బండి ఆ పిల్ల నడుపుతుంది. నువ్వెళ్లి నా వెనక సీట్లో కూర్చో. బెల్టు పెట్టుకో!"

"బెల్టు లేదండీ."

"ఏమైంది?"

"మేక తినేసిందండీ."

"స్కూల్లో హోంవర్కు కూడా మేకే తినేదన్నావ్!"

బావ నా పక్క సీట్లోకి జరిగి అక్కడి బెల్టు పెట్టుకున్నాడు. ఆర్లీన్ బండి కదిలించింది. మొదటి మలుపులో, హెర్నాండెజ్ పిల్లల కోసం ఆగింది కూడా. మా బావ నా మోచేతిని పొడిచి, చెవి దగ్గరికొచ్చి ఏదో అనబోయాడు.

"తెలుసులే, నోర్మూసుకో" అన్నాను.