నాంపల్లి మైదానంలో నా అరుపు

ఈ మాట ఇన్నేళ్లుగా గొంతు దాటలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెబుతున్నాను.

నిజాం కాలం. నేను అబిడ్స్‌లో ఒక బూట్ల దుకాణంలో గుమాస్తాను. సాయంత్రాలు నాంపల్లి స్టేషన్ వెనక మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. ఆ ఏడు ఫైనల్లో సుల్తాన్ బజార్ జట్టు మీద ఆడాం. వాళ్ల గోలు ముందు కాపు కాసే బ్యాక్ నర్సింహ. బట్టల దుకాణంలో గుడ్డ కొలిచి చింపేవాడు, మెత్తని మనిషి. ఆట ముగియబోతోంది, మేం ఓడిపోతున్నాం. బంతితో గోలు దగ్గరికి దూసుకుపోయాను. నర్సింహ అడ్డొచ్చి, నన్ను తాకకుండానే బంతి లాగేసుకున్నాడు. నేను కావాలనే పడ్డాను. మోకాలు పట్టుకుని, రిఫరీ వైపు కాదు, మా జనం వైపు తిరిగి అరిచాను.

"కాలు ఇరగ్గొట్టిండ్రా!"

పెనాల్టీ కోసమేనా అరిచింది? జనం అప్పటికే ఉడికిపోతున్నారని, వాళ్లకూ మాకూ మధ్య సున్నపు గీత తప్ప అడ్డేమీ లేదని నాకు తెలియదా? తెలుసు. గీత దాటి వచ్చారు. గొడుగులు, కర్రలు, రాళ్లతో నర్సింహ మీద పడ్డారు. నేను లేచి నిలబడితే చాలు, నా కాలికేమీ కాలేదని అందరికీ తెలిసేది. లేవలేదు. పడుకునే చూశాను.

తర్వాత నర్సింహను చూడ్డానికి దవాఖానకు వెళ్లాను. తలంతా కట్టు. ఎడమ కన్ను పోయింది.

"అన్నా, జర నిజం చెప్పు. నా కాలు నీకు తాకిందా? నాకైతే యాదికొస్తలేదు."

"ఔ, తాకింది," అన్నాను.

నర్సింహ రెండు చేతులూ జోడించాడు. "గట్లయితే తప్పు నాదే. మాఫ్ చెయ్యన్నా."

నేను మాఫ్ చేశాను. చెయ్యి పట్టుకుని మరీ చేశాను.

ఆ తర్వాత మైదానం చుట్టూ తాళ్లు కట్టారు, జవాన్లను నిలబెట్టారు. కొత్త ఆటగాళ్లకు బుద్ధులు చెప్పే పని నాకే అప్పగించారు, దెబ్బ తిని కూడా క్షమించినవాడినని. రిఫరీ మాట వినండి, జనాన్ని రెచ్చగొట్టకండి అని చెప్పేవాణ్ణి. ఆ రోజు జనాన్ని రెచ్చగొట్టింది ఎవరో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక్కడైనా నోరు అదుపులో పెట్టుకునేవాడేమో. ఇంకో ఆటలో జనం తాళ్లు తెంపుకుని వచ్చి మళ్లీ కొట్టుకున్నారు.

నర్సింహ మళ్లీ బంతి ముట్టలేదు. దుకాణం పనీ పోయింది. అతను చనిపోయినప్పుడు వెళ్తే, అతని భార్య నాకు మంచినీళ్లిచ్చి చెప్పింది: ఒకరి కాలు తన్నినందుకే దేవుడు తన కన్ను తీసుకున్నాడని చివరిదాకా అనేవాడట. నీళ్లు తాగి వచ్చేశాను. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెప్పలేదు.

నర్సింహ నన్ను తన్నలేదు. ఈ మాటతో ఇప్పుడు అతనికి ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. అదీ సిగ్గుగానే ఉంది.