ఉత్త నీళ్లు

ఎస్సెల్సీ పరీక్షలు అయిపోయిన మర్నాడు హిందూపురం నుంచి నేనూ, నా స్నేహితుడు రంగప్పా రైల్లో పెనుకొండ వెళ్లి కొండెక్కాం. మాది గుంటూరు, చదువు కోసం మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. నెలరోజులు నిద్ర చాలక, ఆపైన ఎండకు, దిగేసరికి డస్సిపోయాం.

కొండ కింద మేకలు మేపుతున్న అవ్వను నీళ్లడిగాం. ఆమె కొంగుముడి విప్పి చెరో బెల్లం ముక్క ఇవ్వబోయింది.

"బెల్లం వద్దు, నీళ్లు చాలు," అన్నాను విసుగ్గా.

అవ్వ ముంత వెనక్కి జరిపింది. "ఎండనపడి వచ్చినోళ్లకి ఉత్త నీళ్లు ఎట్లిచ్చేదప్పా? ముందు అది నోట్లో ఏసుకో."

రంగప్ప అప్పటికే నములుతున్నాడు. నేనూ వేసుకున్నాను.

వారం తర్వాత, రెండు రైళ్లు మారి గుంటూరు చేరాను. అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. నేను చెంబు అందుకోకుండా అరచెయ్యి చాపి నిలబడ్డాను.

"ఏం కావాలిరా?" అంది అమ్మ.