పొద్దు మునగకముందే

మధ్యాహ్నం ఒంటిగంటకు నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసు క్యాంటీన్‌లో పప్పుచారు పోపు వాసన తగలగానే నా చేయి నా మాట వినదు. పక్కవాళ్లు రెండో ముద్ద కలిపేలోపు నా కంచం ఖాళీ. "ఏందక్కా, బస్సు పోతుందా? జర నములు" అని తోటి హౌస్‌కీపింగ్ వాళ్లు నవ్వుతారు. నలభై ఏళ్లకే బీపీ అనీ, కడుపులో పుండు అనీ తేల్చిన డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంత గబగబా తినడం ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది.

మూసాపేటలో. వానాకాలం మా గల్లీ నిండా తడిసిన ఇనుము వాసన, లేత్ మిషన్ల రొద, ఎవరింట్లోనో కాలుతున్న జొన్నరొట్టె కమ్మదనం. నేనూ తమ్ముడూ అరుగు మీద అష్టాచెమ్మ ఆడుతుంటే, ఆట సగంలోనే అమ్మ పిలిచేది. పొద్దు మునిగాక పిల్లలు అన్నం ముట్టరాదు. అది అమ్మ మొక్కు. దసరానాడు గల్లీ అంతా జమ్మిచెట్టు దగ్గరికి పోవడానికి తయారవుతుంటే, మేము ఉడికీ ఉడకని మటన్ ముక్కలను నోరు కాలుతున్నా మింగేవాళ్లం.

"పండుగనాడన్న ఆగదా వదినా నీ మొక్కు?" అని పక్కింటి నర్సమ్మత్త ఎగతాళి చేసేది.

"దేవునికి పండుగేంది నర్సమ్మా!" అని అమ్మ నవ్వేది.

తిన్నాక మమ్మల్ని నర్సమ్మత్త ఇంటికే టీవీ చూడమని పంపేది. కాసేపటికి ఫ్యాక్టరీ నుంచి కల్లు కాంపౌండు మీదుగా నాన్న వచ్చేవాడు. గోడ అవతల కంచం ఎగిరిపడిన చప్పుడు, వెంటనే అమ్మ ఏడుపు. నర్సమ్మత్త టీవీ సౌండు పెంచేది. నాన్న తాగుడు నాకు తెలుసు, మొక్కూ తెలుసు. ఆ రెండింటినీ ఎన్నడూ కలిపి చూడలేదు.

పదో తరగతితో బడి ఆగినా, గ్రంథాలయంలో బీరువాల కొద్దీ పుస్తకాలు చదివినదాన్ని. డాక్టరమ్మ మాట పట్టుకుని అక్కడే ఒక ఆరోగ్య పుస్తకం వెతికి తీశాను. తాగుడు ఉన్న ఇంట్లో ఏళ్ల తరబడి బెదిరిన పిల్లల ఒళ్లు పెద్దయ్యాక కూడా ఆ బెదురును వదలలేకపోవచ్చట; గుండె, నిద్ర, జీర్ణశక్తి దాని బరువు మోస్తాయట. మణికొండలో నా దగ్గరే ఉంటున్న అమ్మకు చదివి వినిపించి, మాటవరసకు అడిగాను, ఆ మొక్కు ఏ దేవుడికని.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తలేదు. "మొక్కు లేదు గిక్కు లేదు బిడ్డా. మీ నాయిన అన్నం కంచం కనపడితే తన్నేటోడు. ఆయన వచ్చేలోపట మీ కడుపుల ఇంత పడాలె గద."

ఆ మొక్కును నేను ఇప్పటికీ పాటిస్తున్నాను. పొద్దుటి షిఫ్టు ముగించుకొచ్చి, తొమ్మిదేళ్ల నా కూతురిని రోజూ ఆటలోంచి లాక్కొచ్చి, "తొందరగా, తొందరగా" అంటూ తినిపిస్తున్నాను. పోయిన నెల నుంచి అది కడుపునొప్పి అంటోంది.

"నేను పాపను తొందరపెడుతుంటే రోజూ చూస్తూ ఎందుకు చెప్పలేదే?"

"ఏ ముఖంతోని చెప్పాలె?"

ఆ సాయంత్రం కింద ఆడుకుంటున్న పాపను పిలవలేదు. చీకటి పడ్డాక తనే పైకి వచ్చింది. ముగ్గురం లైటు వెలుగులో కంచాల ముందు కూర్చున్నాం. మూసాపేటలో మా గల్లీ ఉన్నచోట ఇప్పుడు పెద్ద షోరూమ్ ఉంది. నర్సమ్మత్త లేదు, నాన్న పోయి పన్నెండేళ్లు. పాప ముద్ద ఎత్తి ఆగిపోయింది.

"దేవుడికి కోపం రాదా అమ్మమ్మా?"

"కోపమొచ్చేటోడు పోయిండు బిడ్డా," అన్నది అమ్మ. "మెల్లగ తిను."