సైప్రస్‌లో మూడు రోజులు, ఫహాహీల్‌లో ఒక పాస్‌పోర్టు

సైప్రస్ కొండల్లో వంటలు, ద్రాక్షతోటలు చూపించే చిన్న బృందాల యాత్ర గురించి రాయమని ఈ మధ్య ముగ్గురు పాఠకులు అడిగారు. నేను వెళ్ళింది ఒక్కసారే, 1990 వేసవిలో, కువైట్ నుంచి. అప్పటి ధరలు ఇప్పుడు పనికిరావు. దారి పనికొస్తుంది. నేను చేసిన పని కూడా పనికొస్తుంది, మీరు చేయకుండా ఉండటానికి.

అప్పుడు మేం కువైట్‌లోని ఫహాహీల్‌లో, సముద్రం రోడ్డు బస్సు ఆగే చోటికి దగ్గర్లో, రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేను ఒక నిర్మాణ కంపెనీలో ఇంజనీరుని. నా భార్య రమణి. ఇద్దరిదీ కోనసీమే. కువైట్‌లో మందు నిషేధం కాబట్టి, ఎండలు ముదిరాక సైప్రస్ వెళ్ళి తిని తాగి రావడం మా ఆఫీసులో మామూలు. ఆ ఏడు ఆరుగురం కలిసి ఐదు రోజుల యాత్ర మాట్లాడుకున్నాం. టికెట్టు, హోటలు, రోజూ ఒక ఊళ్ళో వంట, ఒక తోటలో వైన్, అన్నీ కలిపి మనిషికి నూట అరవై దినార్లు. భార్యలను తీసుకెళ్ళవచ్చు. రమణి తనూ వస్తానంది.

అక్కడ మా అందరి పాస్‌పోర్టులూ కంపెనీ దగ్గరే ఉండేవి. రమణిది ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పొడిగింపు కోసం జూన్‌లో వెళ్ళింది. జూలై మధ్యలో నాది తెచ్చుకుందామని వెళితే, ఆ పనులు చూసే అరబ్బాయన రెండూ బల్ల మీద పెట్టాడు. "మేడమ్‌ది కూడా ఖలాస్, పని అయిపోయింది, పట్టుకుపో" అన్నాడు. నేను నాది మాత్రం తీసుకున్నాను. రెండోది అక్కడే ఉండనివ్వమన్నాను. ఆయన దాన్ని డ్రాయరులో పడేశాడు. ఇంటికొచ్చి, నీది ఇంకా రాలేదని రమణికి చెప్పాను.

కారణం పెద్దదేమీ కాదు. రమణి మాంసం తినదు. తను తినలేని పళ్ళెం ముందు కూడా నవ్వుతూ కూర్చుంటుంది. ఆఫీసువాళ్ళ మధ్య ఆమె పక్కన గ్లాసు పట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె ఏమీ అనేది కాదు. అదే నాకు ఇబ్బంది.

"పోన్లెండి, మీరెళ్ళి రండి. అయినా నేనొచ్చి ఏం తింటానూ, ఆకులూ అలములూనా?" అంది రమణి. బయల్దేరే రోజు డబ్బా చేతికిచ్చింది. "కందిపొడి కట్టానండోయ్. మీ ఆఫీసు జార్జిగారిక్కూడా పెట్టండి, అంతా మీరే లాగించేయకుండా."

ప్రయాణం సులువే. మంగళవారం పొద్దున విమానం ఎక్కితే మూడు గంటల్లో లార్నకా. అక్కడి నుంచి వ్యానులో గంటకు పైగా లిమసోల్. బస లిమసోల్‌లోనే పెట్టుకుని, కొండ మీది ఊళ్ళకు పగలు వెళ్ళి రావడం మేలు. మలుపులు ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్ళు డ్రైవరు పక్క సీటు అడగాలి. మూడో రోజు, ఆగస్టు రెండు, గురువారం, తొమ్మిదింటికి బయల్దేరి గంటలో ఒక రాతి ఇళ్ళ ఊరు చేరాం. మారియా అనే పెద్దావిడ పెరట్లో పందిరి కింద బల్ల వేసి, ద్రాక్షాకుల్లో బియ్యం, కైమా పెట్టి చుట్టడం నేర్పింది. వేలంత లావు చాలు. బిగించకూడదు, బియ్యం ఉబ్బడానికి చోటుండాలి. చుట్టడం, ఉడకడం కలిపి రెండు గంటలు పట్టింది.

భోజనాల దగ్గర జార్జి నా సంచిలోంచి పొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. జార్జి మా అకౌంటెంటు, కేరళ మనిషి. మారియా చిటికెడు నాలుక మీద వేసుకుంది.

"ఎవరు చేశారు?"

"నా భార్య."

"చేసిన మనిషిని ఇంట్లో వదిలి, తినే మనిషివి వచ్చావా?" అంది వచ్చీరాని ఇంగ్లీషులో. అందరూ నవ్వారు.

"ఆమెకు ప్రయాణాలు పడవు" అన్నాను.

జార్జి నా గ్లాసు నింపుతూ, "మొన్న పాస్‌పోర్టు రాలేదన్నావు, ఇవాళ ప్రయాణాలు పడవంటున్నావు. మూడో గ్లాసుకి ఇంకేం చెబుతావో!" అన్నాడు. మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తియ్యటి వైన్ అది. చాలా బాగుంది.

అప్పుడు డ్రైవరు వ్యానులోంచి వచ్చాడు. రేడియో వింటున్నాడట. "మీరంతా కువైట్ నుంచే కదా? తెల్లవారకముందే ఇరాక్ సైన్యం లోపలికి వచ్చేసిందట."

నా గ్లాసులో సగం ఉంది. కింద పెట్టలేదు. తాగేశాను.

జార్జి నా వైపు తిరిగాడు. "మీ ఆవిడ పాస్‌పోర్టు లేకుండా ఎలా బయటపడుతుంది?"

అది తయారై డ్రాయరులో ఉందని నాకూ ఆ అరబ్బాయనకూ తప్ప ఎవరికీ తెలియదు. జార్జికి కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం లిమసోల్‌లో టెలిఫోను ఆఫీసు మూసేదాకా మా ఇంటికి ఫోను చేశాను. లైను కలవలేదు. మర్నాడూ కలవలేదు. ఆమెకు చెప్పాల్సింది ఒక్క వాక్యం. దాన్ని నోట్లో పెట్టుకుని వారం తర్వాత బొంబాయిలో దిగాను.

బొంబాయిలో మా పిన్ని కొడుకు ఇంట్లో ఉండి, జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి మనవాళ్ళను తెచ్చే ప్రతి విమానానికీ వెళ్ళాను. సెప్టెంబరు మధ్యలో రమణి వచ్చింది. బాగా నల్లబడింది. పక్కన నరసమ్మ ఉంది. రాయచోటి దగ్గరి మనిషి, కువైట్‌లోనే సల్వా అనే చోట ఒక ఇంట్లో పనిచేసేది. శుక్రవారాలు మా ఫ్లాటుకు వచ్చి రమణి చేత ఇంటికి ఉత్తరాలు రాయించుకునేది. విమానాశ్రయం బయట ముగ్గురం టీ తాగాం. వాళ్ళు ఎలా వచ్చారో నాకు చెప్పింది నరసమ్మే.

"మా మామావోళ్ళు, అదే నేను పంజేసే ఇంటోళ్ళు, నా పాసుపోర్టు నా చేతికిచ్చి రెండోనాడే కారెక్కి సౌదీకి ఎల్లిపోయిరి సార్. నేను అక్క కాడికి వచ్చేస్తి. రొట్టెకి లైను, నీళ్ళకి లైను. యాడ జూసినా తుపాకులే. పాసుపోర్టు లేంది బస్సెక్కనీరంటే మీ ఆఫీసుకి పోతిమి. ఆ అరబ్బాయన డ్రాయర్లోంచి తీసిచ్చి, మమ్మల్నే తిట్టె. ఆ పొద్దు మీ సారు వద్దని పెట్టిపాయ, ఈ పొద్దు నా పానం తీస్తాండారే అని. అక్కకి అరబ్బీ రాదు గదా, నేనే తెలుగులో చెప్తి." కప్పు దించి నన్ను చూసింది. "ఎందుకు సార్ వద్దంటిరి?"

"టీ చల్లారిపోతుంది నరసమ్మా, తాగు" అంది రమణి. తర్వాత నా వైపు తిరిగింది. "కందిపొడి సరిపోయిందాండీ?"

"సరిపోయింది" అన్నాను. ఆ డబ్బా మారియా బల్ల మీదే వదిలేసి వచ్చాను.

బాస్రా, బాగ్దాద్ మీదుగా బస్సులో వచ్చి, జోర్డాన్ సరిహద్దు గుడారాల్లో పదకొండు రోజులు ఉన్నారట. అదీ నరసమ్మ చెప్పిందే. రమణి పాస్‌పోర్టు తీసి నా చొక్కా జేబులో పెట్టింది. అంతే.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా కలిసి ఉన్నాం. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. క్షమించింది కాబట్టే అడగలేదని కొంతకాలం అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖం. నేను ఎక్కడికి బయల్దేరినా పొడి కట్టి ఇచ్చేది. నేనూ వస్తానని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు. రమ్మని గట్టిగా అడిగే ముఖం నాకు లేకపోయింది. పోయినేడాది రమణి చనిపోయింది. ఆమెకు చెప్పాల్సింది ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. ఇక్కడా తేలిక దారే చూసుకున్నాను.

సైప్రస్ వెళ్ళండి, బాగుంటుంది. ఒక్క సూచన. బయల్దేరే ముందు ఇంట్లో ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ చేతికి ఇవ్వండి. ముఖ్యంగా మీతో రానివాళ్ళది.