దేవుడి లైటును ఎవరూ అనుమానించలేదు

నాంపల్లి కోర్టు దగ్గర మా తమ్ముడికి టైపింగ్ షాపుంది. కొన్నాళ్లుగా అక్కడి కంప్యూటర్ పని మధ్యలో తెర నీలంగా మారి ఆగిపోతోంది. టైపు చేసిన పిటిషన్లు పోతున్నాయి, వకీళ్లు పక్క షాపుకు వెళ్తున్నారు. పక్కాయన దిష్టేనని తమ్ముడు నిమ్మకాయ కట్టాడు. ఈ రోజు పొద్దున అబిడ్స్ నుంచి వచ్చిన మెకానిక్ కొత్తది కొనమన్నాడు. అప్పుడు షాపులోనే ఉన్న నాకు అతని మీదే అనుమానం వచ్చింది.

"అన్నీ తీసి చూసినవా బిడ్డా?" అని అతన్ని అడిగాను.

"ఔ అక్కా. మౌస్, ప్రింటర్, ఒక్కొక్కటి పీకి చూసిన. అయినా ఆగుతుంది."

"మరి గిది?" అమ్మవారి పటం ముందు వెలుగుతున్న చిన్న లైటు చూపించాను. దాని వైరు కూడా కంప్యూటర్‌కే గుచ్చి ఉంది.

"గది దేవుడి లైటు కదక్కా! గదెట్ల పీకుత?"

"వద్దక్కా, ఇంక బోణీ గూడ కాలే" అన్నాడు తమ్ముడు.

అమ్మవారికి దండం పెట్టుకుని నేనే పీకేశాను. సాయంత్రం దాకా కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు. మెకానిక్ నమ్మలేక మళ్లీ వచ్చి లైటు గుచ్చాడు. వెంటనే తెర నీలమైంది.

ఇప్పుడు పటం ముందు నూనె దీపం వెలుగుతోంది. తమ్ముడు దాన్ని కూడా అనుమానంగానే చూస్తున్నాడు.

దేవుడి పేరు మీద అనుమానించకుండా వదిలేసినవి మీ ఇళ్లలో ఏమున్నాయి?