కొత్త కారు వైపు కాకా

హజీరా ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి కంపెనీ బస్సులో ఇంటికొస్తుంటే మా వాట్సాప్ గ్రూపులో డాక్టరమ్మ మెసేజి పెట్టింది. "కాకా ఇక లేరు." రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఆ గ్రూపు పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ కాదనని మెసేజి అదొక్కటే. మామూలుగా అందులో ఎవరైనా గుడ్ మార్నింగ్ అన్నా ఇంకొకరు అడ్డం తగిలేవారు. ఆ రోజు మాత్రం ఎవరో ఒకరు వచ్చి "తప్పు" అంటారేమోనని బస్సు దిగేదాకా ఫోను చూస్తూనే ఉన్నాను. ఎవరూ అనలేదు.

గ్రూపంటే పెద్దదేమీ కాదు, నలుగురం. సూరత్‌లో మేముండే అపార్టుమెంటులో మధ్య గాలికోసం వదిలిన ఖాళీ చుట్టూ మా నాలుగు బాల్కనీలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి నాది, ఒకటి గుంటూరు నుంచి వచ్చిన డాక్టరమ్మది, ఒకటి కార్లకు సీటు కవర్లు కుట్టించే గుజరాతీ సేఠ్‌ది, నాలుగోది కాకాది. ఆయన సిరిసిల్ల వైపు మనిషి. కుర్రతనంలో వచ్చి సలాబత్‌పురాలో చీరలకు డిజైన్లు గీస్తూ ఇక్కడే ఉండిపోయారు. రెండుచోట్లా బాబాయిని పిలిచే పిలుపు అదే కాబట్టి గుజరాతీ పిల్లలకూ కాకాయే, తెలంగాణవాళ్లకూ కాకాయే. కాకినాడవాణ్ణైన నాకూ చివరికి కాకాయే అయ్యారు.

మా నలుగురినీ కలిపింది ఒక కారు. మాలో ఎవరికీ లేదు, వచ్చే సూచనలూ లేవు. విదేశీ స్పోర్ట్స్ కారు. ఇద్దరే కూర్చోవాలి, నేలకు బొడ్డు ఆనించి పాకుతున్నట్టుంటుంది, ముందు రెండు గుండ్రటి లైట్లు, వెనక మెల్లగా కిందికి జారే వీపు. మా నాన్నల కాలం నుంచీ దాని రూపం పెద్దగా మారలేదు. వజ్రాల వ్యాపారి ఒకాయన ఇంటి పెళ్లిలో అది వస్తే సేఠ్ వెళ్లి దాని సీటు తోలు చేత్తో తడిమాడట. ఆ ఒక్క స్పర్శతో తానే మా అందరిలో పండితుణ్ణని ఆయన నమ్మకం.

మొదటి లాక్‌డౌన్‌లో సేఠ్ దుకాణం మూతపడింది. నా భార్యా కూతురూ సెలవులకని వెళ్లి కాకినాడలో చిక్కుకుపోయారు. డాక్టరమ్మ కోవిడ్ వార్డు నుంచి వచ్చి ఎవరితోనూ పలక్కుండా బాల్కనీలో కూర్చుని అన్నం తినేది. అలాంటి ఒక సాయంత్రం సేఠ్ ఫోనులో ఫోటో పంపించాడు. ఆ కారును కంపెనీ కొత్తగా తీర్చిదిద్దింది. గుండ్రటి లైట్లు పోయి సన్నటి చీలికలొచ్చాయి. వెనక ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే ఎర్ర పట్టీ లైటు. ముక్తకంఠంతో పాతదే బాగుందన్నాం. కొత్తదాన్ని గీసినవాణ్ణి తలా ఒక మాట తిట్టాం. ఆ తర్వాత మాట్లాడ్డానికి ఏమీ మిగల్లేదు. ఒక్కొక్కరం లోపలికెళ్లి తలుపులేసుకున్నాం. కిటికీలోంచి చూస్తే, కాకా ఒక్కరే బాల్కనీలో నిలబడి ఆ మూసిన తలుపులు చూస్తున్నారు.

మర్నాడు సాయంత్రం బనియన్ మీద కండువా వేసుకుని వచ్చి, గొంతు సవరించుకుని ప్రకటించారు. "నాకైతె కొత్తదే నచ్చింది."

ఇంక చూడండి. సేఠ్ హిందీలో నిప్పులు చెరిగాడు. నేను ఇంజనీరునన్న అహంకారంతో గాలి ఎలా ప్రవహిస్తుందో పాఠం చెప్పాను. కాకా మెట్టు దిగలేదు. ఏళ్ల తరబడి చీర అంచు మీది మామిడిపిందెను ప్రతి సీజనుకూ కొత్తగా గీసి బతికినవాణ్ణని, మారనిది డిజైనే కాదని వాదించారు. పాత లైట్లు కళ్లద్దాలు పోగొట్టుకున్న హెడ్మాస్టరు కళ్లలా ఉన్నాయన్నారు. ఆ మాటకు డాక్టరమ్మ అన్నం పళ్లెం పక్కన పెట్టి లేచి నిలబడింది. వారాలుగా నోరు విప్పని పిల్ల, కొత్త లైట్లు నైట్ డ్యూటీ దిగిన తన కళ్లలా ఉన్నాయని, ఆ మొహాన్ని అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నానని గట్టిగా అరిచింది. కాకా ఎంత సంబరపడ్డారో! ఇంట్లోకి తిరిగి, డాక్టర్‌కు కూడా కోపమొచ్చిందని చిన్నమ్మకు చెప్పుకున్నారు.

చిన్నమ్మంటే కాకా భార్య. వంటింటి కిటికీలోంచి అన్నీ వినేది కాని కారు విషయంలో ఏనాడూ ఒక్క మాట కలపలేదు. వాదన ముదిరినప్పుడు మాత్రం గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది.

ఆ రోజు నుంచి సాయంత్రమైతే చాలు, మాకు పని దొరికింది. కాకా చీరల మీద గీతలు గీసే సుద్దముక్కతో బాల్కనీ గోడ మీద కారు వెనకభాగం గీసేవారు. సేఠ్ ఇవతలి నుంచి చేతులూపి వంపు సరిచేయించేవాడు. మా గోల భరించలేక కిందింటివాళ్లు సొసైటీ సెక్రటరీకి ఫిర్యాదు చేశారు. ఆయన మందలించడానికి వచ్చి, ఫోటో చూసి, చక్రాల గురించి తన అభిప్రాయం కూడా చెప్పి వెళ్లాడు.

ఒకసారి అడిగాను, ఎందుకు కాకా, మీరొక్కరే ఇందరితో తగువు అని. ఆయన చీరల భాషలోనే జవాబిచ్చారు. "ఒకరు అబ్బ అనాలె, ఒకరు ఛీ అనాలె. గప్పుడే చీర నడుస్తది. అందరూ మంచిగుంది అన్నంక ఇగ మాటేముంటది?" ఆయన చెబుతున్నది చీరల గురించేననుకున్నాను.

రెండో విడత కోవిడ్ వచ్చినప్పుడు నన్ను పట్టుకుంది. ఊళ్లో మంచాలు దొరకని రోజులు. డాక్టరమ్మ ఎక్కడి నుంచో ఆక్సిజన్ యంత్రం తెచ్చి, నా మంచం బాల్కనీ కిటికీ పక్కకు లాగించింది. నన్ను ఊరికే మత్తులోకి జారనివ్వొద్దని, పలకరిస్తూ ఉండమని, పలక్కపోతే వెంటనే తనకు ఫోను చేయమని కాకాకు అప్పగించి డ్యూటీకి వెళ్లింది. కాకా ఎదుటి బాల్కనీలో కుర్చీ వేసుక్కూర్చున్నారు. కుశలప్రశ్నలేమీ లేవు. మొదలుపెట్టడమే కొత్త కారు లైట్లతో మొదలుపెట్టారు.

నాకు ఓపిక లేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. బడులు తెరవక కాకినాడలోనే ఉండిపోయిన భార్య ముఖం, కూతురు ముఖం ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఆయన గొంతు చెవిలో జోరీగలా ఉంది. వదిలించుకుంటే చాలనుకుని అన్నాను. "సరే కాకా. మీరే రైటు. కొత్తదే బాగుంది."

ఎదుటి బాల్కనీలో కుర్చీ జరిగిన చప్పుడైంది. కాకా లేచి రెయిలింగు పట్టుకుని ముందుకు వంగారు. ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"ఏంది ఇంజనీరూ, గట్లెట్ల ఒప్పుకుంటవ్?"

నేను కళ్లు సగం మూసి దిండులోకి జారాను. ఆయన అటూ ఇటూ చూశారు. మరుక్షణం ప్లేటు ఫిరాయించారు. పాత కారే కారన్నారు. గుండ్రటి లైట్లు చూస్తే మనిషి ముఖం చూసినట్టుంటుందన్నారు. కొత్తదానికి అసలు ముఖమే లేదన్నారు. అవన్నీ నా మాటలే! ఏడాదిగా గొంతు చించుకుని నేను ఆయన మీదికి విసిరినవే, ఒక్కటీ పోకుండా దాచుకుని నాకే తిరిగి విసురుతున్నారు. ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఒక్కరోజు ఒప్పుకోని మనిషి, నేను మంచంలో పడ్డాక నా పక్షం దోచుకుంటాడా? దిండు గోడకానించుకుని లేచి కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకి నేను ఆ ఎర్ర పట్టీ అందాన్ని పొగుడుతున్నాను, ఆయన ఛీకొడుతున్నారు. డ్యూటీ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇద్దరం పక్షాలు మారడం చూసి, జ్వరం ఎవరికొచ్చిందని అడిగింది.

నేను బతికి బట్టకట్టాను. మందుల వల్ల, ఆ యంత్రం వల్ల, డాక్టరమ్మ వల్ల. కాని ఆ సాయంత్రం నన్ను లేపి కూర్చోబెట్టింది కోపమే, ఆ కోపం తెప్పించింది కాకాయే. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, ఆ మొదటి రోజు మూసిన తలుపులు చూస్తూ ఆయన ఏం ఆలోచించారో.

కోలుకున్నాక నిలదీశాను, నిజంగా మీకు ఏ కారు ఇష్టమని. ఆయన నవ్వి, నాకేది నచ్చలేదో చెప్పమన్నారు, తనకు అదే నచ్చిందట. చిన్నమ్మను అడిగితే ఆమెకూ చెప్పలేదంది. నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియకపోవడమే ఇప్పుడు హాయిగా ఉంది.

ఆయన పోయిన మూడో రోజు బెసణా పెట్టారు. ఇక్కడి పద్ధతి అది. హాల్లో నేలమీద తెల్ల దుప్పటి పరుస్తారు, దండ వేసిన ఫోటో పెడతారు, వచ్చినవాళ్లు తెల్లబట్టల్లో కాసేపు మౌనంగా కూర్చుని దండం పెట్టి వెళతారు. మాస్కులు అప్పటికి గడ్డాల కిందికి జారాయి. వచ్చినవారందరూ ఒకటే మాట, చాలా మంచి మనిషి అని. చిన్నమ్మ ప్రతిసారీ తలూపింది. మంచి మనిషేనని మేము ముగ్గురం కూడా అన్నాం. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. చిన్నమ్మ వాకిలి వైపు చూసింది, బాల్కనీ వైపు చూసింది, ఇంక భరించలేనట్టు నా వైపు తిరిగింది.

"గా కొత్త కారుకు ఎనక ఎర్రగ ఒకటే లైటు ఉంటది గద. గదే మంచిగుంటది."

సేఠ్‌కు తెలుగు రాకపోయినా ఎర్ర లైటు సంగతి పట్టుకున్నాడు. ఫోటో వైపు ఒకసారి చూసి, ముడుచుకున్న కాళ్లు చాపి, కాదంటే కాదన్నాడు. పాత దాని వెనకభాగం అందం ముందు అది ఎందుకూ పనికిరాదన్నాడు. చిన్నమ్మ వినలేదు. చీకట్లో బండి ఎంత వెడల్పుందో పాత లైట్లతో ఎలా తెలుస్తుందని గట్టిగా నిలదీసింది. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూనే మధ్యలో దూరింది. నేను కూడా ఆగలేకపోయాను. చిన్నమ్మా, మీరు చెప్పేది పూర్తిగా తప్పు అన్నాను. ఆమె మొహం విచ్చుకుంది.

గుమ్మంలో ఎవరో గుజరాతీ దంపతులు చేతులు జోడించి, చెప్పులు సగం విప్పి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడిపోయారు. సేఠ్ మోకాళ్ల మీద వంగి, వేలితో తెల్ల దుప్పటి ముడతలు పడేలా పాత కారు వీపు గీస్తున్నాడు. చిన్నమ్మ అరచేత్తో దాన్ని చదును చేసేసి, తన కారు గీయడం మొదలుపెట్టింది.